మూడు విస్తళ్లు, రెండు పేర్లు

మొన్న ఇద్దరు కాలేజీ పిల్లలు జగిత్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కథలు రాస్తారట. వాళ్లలో అమ్మాయి సోఫా అంచున కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "అమ్మమ్మా, మీ నవలలకు ఇన్‌స్పిరేషన్ యాడికెల్లి వస్తది?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది.

"ఆగు బిడ్డా, పప్పు మాడితే ఇన్‌స్పిరేషన్ గుడ మాడ్తది" అని లేచి వెళ్లాను. తిరిగి వచ్చి ఏవో నాలుగు మాటలు చెప్పి, చాయ్ ఇచ్చి పంపించాను. వాళ్లు గేటు దాటాక మాత్రం మనసు ఊరుకోలేదు. పాపం, ఎండలో పడి వచ్చారు. సభల్లో చెప్పే మాటలే వాళ్లకూ చెప్పి పంపించాను కదా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది సిరిసిల్లలో, సాలెవాడలో. మెట్టింది కోరుట్ల. ముసలితనానికి చేరింది జగిత్యాల. వారపత్రికలకు సీరియళ్లు రాసి బతికాను. కళ్లు మసకేసి, చెయ్యి వణికి, ఇక చాలనుకుని మానేశాను. శాలువాల సంగతి ఇందులో ఉండదు. అవి బీరువాలో ఉన్నాయి, చలికాలం పనికొస్తున్నాయి. నవల రాసేవాళ్లు సంగతులు ఎట్లా పోగు చేస్తారు, పోగు చేసినవాటిలో ఏది రాస్తారు, ఏది రాయరు, అంతవరకే చెబుతాను.

రైలు లేని ఊరికి రైలు

నా మొదటి సీరియల్ వేసిన సంపాదకుడు కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషి. పెద్దాయన, చదువుకున్నవాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను రాసి పంపిన దానిలో మా దిక్కు మాటలన్నీ ఏరిపారేసేవాడు. సకినాలు జంతికలయ్యేవి. గట్క ఉప్మా అయ్యేది. పోనీలే అనుకున్నాను. కానీ ఒక వారం మా నాయిక కోరుట్ల వదిలి పోయే ఘట్టంలో బస్సు తీసేసి రైలు పెట్టాడు. "కోరుట్ల స్టేషన్‌లో రైలు కూత వేసింది" అని అచ్చయింది. అప్పటికి మా ఊళ్లో పట్టాలన్న మాటే లేదు!

ఆ వారమంతా నేను బజారుకు పోతే చాలు, కూరగాయలామె దగ్గర్నుంచి కిరాణం షాపు సేటు దాకా అందరిదీ ఒకటే పాట. "అక్కా, నీ రైలు ఎన్నింటికస్తది? మెట్‌పల్లి దాంక నాకొక టికెటిప్పియ్యరాదు!"

హైదరాబాదు పోయి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "బస్సులో ఏం విరహం ఉంటుందమ్మా? రైలయితే చెయ్యి ఊపవచ్చు" అన్నాడు.

"మా బస్సుల చెయ్యి ఊపెటందుకు కాదు సార్, నిలవడెటందుకు గుడ జాగ ఉండది" అన్నాను.

ఆయన నవ్వేశాడు. ఆ నవ్వుతోనే మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నేను చూడనిది నేను రాయను, తను చూడనిది తను దిద్దడు. ఒప్పందాన్ని ఆయన పూర్తిగా పాటించాడని చెప్పను. నక్సలైట్ల కాలం ముదిరాక, "ఈ వారం ఒక్క తుపాకీ అయినా పేలాలమ్మా, పాఠకులు అడుగుతున్నారు" అని వెంటపడేవాడు. మా దగ్గర పేలితే ఎవరి ఇంట్లోనో పొయ్యి వెలగదు. పాఠకులకేం, చాయ్ తాగుతూ చదువుతారు. అయినా ఆయన మంచివాడే. తెలియనిది రాస్తే ఎంత తొందరగా నవ్వులపాలవుతామో నాకు ఆయన రైలే నేర్పింది.

అడిగితే దొరకదు

ఇప్పటి పిల్లలకు ఇది అర్థం కావడం కష్టం. ఆ రోజుల్లో మా దిక్కు ప్రశ్న అడగడమే ప్రమాదం. అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లోకి వస్తారు, పోతారు. వెనకనే పోలీసులు వస్తారు. మధ్యలో ఒక ఆడమనిషి కాగితం, కలం పట్టుకుని "మీ ఇంటికెవరొచ్చిండ్రు, ఏమన్నరు" అని అడిగితే ఏమవుతుంది? పోలీసులకు అన్నల మనిషిలా కనబడుతుంది, అన్నలకు పోలీసుల మనిషిలా కనబడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ బుద్ధి నాకు నా పుట్టింటి వాడలోనే వచ్చింది. సిరిసిల్లలో నేతపని వాళ్ల మీద నవల రాద్దామని పోయి, మా చిన్నమ్మ కొడుకు సత్తయ్య మగ్గం పక్కన కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. నాలుగు ప్రశ్నలు అడిగానో లేదో, వాడు మగ్గం ఆపేశాడు.

"అక్కా, నువ్వు మా అక్కవే, కాదనను. కాని గా కాయితాలు లోపట వెట్టు. వాటిని జూస్తే మగ్గం గుడ మాట్లాడది."

"మరి ఎట్ల రాయాల్రా?"

"ఊకె కూసుంటె ఎవ్వలకైనా అనుమానమే వస్తది. గీ కండెలు చుట్టుకుంట కూసో."

పుట్టింట్లో చిన్నప్పుడు చేసిన పనే. రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టడం మొదలుపెట్టాను. పొద్దు గుంకేలోపల, నేను ఒక్క మాటైనా అడగకుండానే, ఆ వాడ కష్టసుఖాలన్నీ నా చెవిన పడ్డాయి. ఎవరి మగ్గం అమ్ముడుపోయింది, ఎవరు మగ్గాల పనికి భివండి పోయారు, ఎవరి పిల్లను అన్నలు పాటలు పాడటానికి పిలిచారు, అన్నీ! చేతులు పనిలో ఉన్న మనిషిని ఎవరూ అనుమానించరని ఆ రోజు తెలిసింది.

కోరుట్ల తిరిగి వచ్చి బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. మా వాడలో ప్రతి ఇంటి ముందరా చాట ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లే. ఆకు తడపాలి, కత్తెరతో కొలతకు కత్తిరించాలి, తంబాకు వెయ్యాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. మొదట్లో నా బీడీలు చూసి పగలబడి నవ్వేవాళ్లు. "అవ్వో, గిది బీడీయా, మక్కకంకా?" అనేవాళ్లు. నా బీడీలు బాగుపడేసరికి వాళ్ల నవ్వులో నేను కూడా కలిసిపోయాను.

అప్పట్లో పట్నం నుంచి ఒక రచయిత వచ్చి, జగిత్యాల లాడ్జిలో రెండు రోజులుండి మా మీద లావు పుస్తకం రాశాడు. దానిలో ఊరూరా తుపాకులే, ఒక్క పొయ్యి లేదు. అందరూ ఆయన్ను తిడితే నేను తిట్టలేదు. పాపం, ఆయనకు దొరికిన సెలవు అంతే.

చదివే నోటికి చేతులు

మా బీడీల గుంపులో ఒక మర్యాద ఉండేది. పని చేస్తుంటే ఎవరో ఒకరు వారపత్రిక పైకి చదవాలి. చదివేవాళ్ల చేతులు ఆడవు కదా, వాళ్ల లెక్క తగ్గుతుంది. అందుకని మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు చుట్టి చదివేవాళ్ల చాటలో వేసేవాళ్లు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. పురుడు వచ్చినా, జ్వరం వచ్చినా, ఇంట్లో చావు వచ్చినా అంతే. చెయ్యి ఆడనివాళ్ల చాట ఖాళీగా ఉండకూడదు.

నేను కలిశాక చదివే పని నాకు వచ్చింది. నన్ను "కతలక్క" అనేవాళ్లు. కొన్నాళ్లకు నా సీరియల్ భాగాన్ని కూడా పత్రికకు పంపేముందు అక్కడ చదవడం మొదలుపెట్టాను. అంతకంటే గట్టి పరీక్ష నాకు ఎక్కడా ఎదురుకాలేదు. ఆవులింత వచ్చినచోట కొట్టేసేదాన్ని. ఒకసారి మా నాయిక చందమామను చూస్తూ రెండు పేజీలు నిట్టూర్చింది. "గీమెకు ఇంట్ల పనేం లేదానె?" అని ఒకామె అడిగింది. రెండు పేజీలు రెండు వాక్యాలయ్యాయి.

ఆ గుంపులో లచ్చవ్వ ఉండేది. అసలు పేరు అది కాదు, మార్చాను. ఈ సంగతి రాయడానికి ఆమె నాకు అనుమతి ఇచ్చింది. ఎప్పుడిచ్చిందో చివర చెబుతాను. నాకంటే పదేండ్లు పెద్దది. భర్త నర్సయ్య గల్ఫుకని పోయి అక్కడే జ్వరంతో పోయాడు. ఒక్కడే కొడుకు, రాజేశం. జగిత్యాలలో డిగ్రీ చదువుతూ చదువుతూ అన్నల్లో కలిశాడు. ఆ తరవాత ఆమె ఇంటికి పోలీసులు రావడం, పొయ్యి దాకా వెతకడం, ఆమెను స్టేషన్‌కు పిలిపించడం మామూలయింది. ఆమె మాత్రం తల వంచుకుని బీడీలు చుట్టేది. "ఏడున్నడే నీ కొడుకు?" అని ఎవరన్నా అడిగితే, "కన్నప్పుడు నా కడుపుల ఉండె. ఇప్పుడెరికలే" అనేది.

ఒకరోజు కబురు వచ్చింది. సారంగాపూర్ దిక్కు అడవిలో ఎన్‌కౌంటర్ జరిగింది. శవాన్ని జగిత్యాల దవాఖానకు తెచ్చారు. ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. లచ్చవ్వను జీపులో తీసుకుపోయారు. ఆమె చూసి "నా కొడుకే" అంది. మరిది చేత కొరివి పెట్టించింది. మా వాడంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చాలా రోజులు ఆమె చాటలో మా బీడీలే ఉన్నాయి.

పెత్రమాస

పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యకు, మా దిక్కున పోయిన పెద్దలకు బియ్యమిస్తారు. సాయంత్రం బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున మాత్రం పోయినవాళ్ల పండుగే. ఆంజనేయస్వామి గుడి ముందు పందిట్లో అయ్యగారు కూర్చుంటాడు. పోయినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క విస్తరి. దాని మీద బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, గోంగూర. అయ్యగారు "పేరు?" అంటాడు. మనం చెబుతాం. ఆయన మంత్రం చెప్పి నీళ్లు వదిలిస్తాడు. పేరు చెప్పి బియ్యమిస్తేనే అది పోయినవాళ్లకు చేరుతుందని నమ్మకం.

ఆ యేడు మా అత్తమామలకు ఇవ్వడానికి పోయి నేను లచ్చవ్వ పక్కనే కూర్చున్నాను. ఆమె మూడు విస్తళ్లు పరిచింది.

"పేరు?"

"నర్సయ్య."

"రెండోది?"

"మా అత్త, గంగవ్వ."

"మూడోది?"

లచ్చవ్వ మాట్లాడలేదు. అయ్యగారు మెల్లగా, "చెప్పమ్మా, పేరు చెప్పకుంటే ఎట్ల?" అన్నాడు.

"పేరద్దు అయ్యగారూ. దేవునికెర్క" అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముక్కులు చీదారు. కన్నతల్లికి కొడుకు పేరు నోట ఎట్లా వస్తుంది? అయ్యగారు కూడా కళ్లు తుడుచుకుని, పేరు లేకుండానే నీళ్లు వదిలించాడు.

నేను ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చాను. దాచడమెందుకు, రాసేవాళ్ల బుద్ధే అంత. గుండె తరుక్కుపోతూనే ఉంటుంది, మరోపక్క "ఇదీ అధ్యాయమంటే!" అని లోపల ఎవరో గంతులేస్తారు. అప్పుడు నడుస్తున్న సీరియల్‌లో కొడుకు పోయిన తల్లి ఒకామె ఉంది. పొద్దుగుంకకముందే రాసేశాను. మూడు విస్తళ్లు, రెండు పేర్లు, పేరు పలకలేని తల్లి. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నా జీవితంలో అంత బాగా మళ్లీ రాయలేదు.

ఆగిన కత్తెర

మర్నాడు గుంపులో చదివాను. అందరూ ఏడ్చారు. లచ్చవ్వ ఏడవలేదు. ఆమె చేతిలో కత్తెర మాత్రం ఆకు మధ్యలో ఆగిపోయింది. నొప్పించానేమో అనుకున్నాను. అందరూ చాటలు సర్దుకుని బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయాక, ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"చెల్లె, గది పంపకు."

"ఎందుకు లచ్చక్కా? నీ పేరు లేదు, ఊరి పేరు లేదు. ఎవ్వలకెరుక?"

ఆమె వాకిట్లోకి చూసింది, గోడ వైపు చూసింది. తరవాత గొంతు తగ్గించి చెప్పింది.

"కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తదంటరు. నీకు చెప్పక తప్పుతలేదు. గా దవాఖానల గుడ్డ తీసిండ్రు. ముఖం లేదు. కాళ్లు జూసిన. మావోని కాళ్లు నాకెర్క లేదా? వాడు కాదు. కాదని చెప్పెటందుకే నోరు తెరిసిన. 'నా కొడుకే' అని వచ్చింది."

నేను కాగితాలు ఒళ్లోకి దించాను.

"సచ్చిండనుకుంటె ఇగ ఎవ్వలు ఎతుకరు గద చెల్లె. బతుకుతడు గద."

"మరి మూడో ఇస్తరి?"

"గా పిలగానిది. వాడెవ్వలో, ఏ ఊరోడో. వాని తల్లి ఏడ ఎదురుచూస్తుందో. వాని శవాన్ని నేను తెచ్చుకుంటి. కొరివి పెట్టిస్తి. బియ్యం గుడ ఇయ్యకుంటె వాడు ఆకలితోని తిరుగడా? పేరెర్కలేదు, నేనేం జెయ్యాలె? మావోని పేరు చెప్పుడా? బతికున్నోని పేరు మీద బియ్యమిస్తె నా చేతులతోని పాణం తీసినట్టే."

"వాడకట్టంత ఏడుపనే అనుకున్నరు లచ్చక్కా. నేను గుడ అట్లనే అనుకున్న. అట్లనే రాసిన."

"వాడోళ్లు నన్ను జూస్తరు, ఏడుస్తరు, పోతరు. నువ్వు కాయితం మీద పెడితివంటె నిమ్మలంగ సదువుతరు. మల్ల మల్ల సదువుతరు. సదివెటోనికి ఆలోచన వస్తది. తల్లి పేరెందుకు చెప్పలేదని ఒక్కడు ఆలోచిస్తె సాలు."

నేను కాగితాలు మడిచాను. ఈ ఘట్టమే తీసేస్తానన్నాను. లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది.

"తియ్యకు. మార్చు. నీ కతల తల్లితోని పేరు చెప్పియ్యి. గట్టిగ చెప్పియ్యి. నాతోని కాదు, నీతోని అయితది."

పత్రికకు పంపడానికి రెండు రోజుల గడువు ఉంది. రాసినదాన్ని చింపి పొయ్యిలో వేశాను. కొత్తగా రాశాను. తల్లి విస్తరి ముందు కూలబడి, కొడుకు పేరు పెట్టి అరుస్తుంది, గుండెలు బాదుకుంటుంది, పందిరంతా దద్దరిల్లుతుంది. నాకు బొత్తిగా నచ్చని రాత. కానీ ఒక పిల్లవాడి ప్రాణం దాని మీద ఉంది. నా ఇష్టాయిష్టాలు ఎవరికి కావాలి?

అచ్చయ్యాక మళ్లీ గుంపులో చదివాను. ఈసారి లచ్చవ్వ అందరికంటే గట్టిగా ఏడ్చింది. నటించిందో, నిజంగానే ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎస్సై భార్య

ఆ తరవాత కొద్దిరోజులకు మా ఇంటి ముందు జీపు ఆగింది. పట్టపగలు. ఎస్సై ఒక్కడే దిగాడు. వయసులో చిన్నవాడు, మన దిక్కువాడే.

"నమస్తే అమ్మా. మా ఇంట్ల మీ సీరియల్ అయినంకనే అన్నం. గీ వారం చదివి మా ఆమె ముద్ద ముట్టలే" అన్నాడు. చాయ్ పెట్టాను. సగం తాగి, కప్పు పక్కన పెట్టాడు.

"గా తల్లి ముచ్చట... గీ కోరుట్లల జరిగిందేనా?"

"నవల రాసెటోళ్లం సార్. ఊరు మారుస్తం, పేర్లు మారుస్తం."

"గది నాకెర్కనే. మీరు బీడీలు చుట్టెటోళ్లతోని కూసుంటరని గుడ ఎర్క. గా రాజేశం తల్లి కొడుకు పేరు పెట్టి బియ్యమిచ్చుడు మీరు జూసిండ్రా? అయ్యగారు ఇనలేదంటుండు."

నా కొంగు నేనే వేలికి చుట్టుకుంటున్నాను.

"పక్కనే కూసున్న సార్. గొణిగినట్టు చెప్పింది, అయ్యగారికెట్ల ఇనవడ్తది? నవల కోసమని నేను గట్టిగ చేసిన."

ఎస్సై టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకొక అనుమానముండె అమ్మా. రాయికల్ దిక్కు కనవడ్డడని ఎవలో అన్నరు. మా తమ్ముడు పోయినప్పుడు మా అమ్మ గుడ గట్లనే గొణుక్కుంట పేరు చెప్పింది. బతికున్న కొడుకు పేరు మీద ఏ తల్లి బియ్యమియ్యది. ఇగ గా ముచ్చట ఇడిసిపెడ్త."

చల్లారిన చాయ్ మొత్తం తాగి, మా ఆమెకొక సంతకం పెట్టియ్యండని పత్రిక ముందుకు జరిపి, వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. ఆయన మీద నాకు కోపం లేదు. తన పని తను చేశాడు, తల్లి మాటను నమ్మాడు.

అబద్ధాలు రాసి బతికినదాన్నే గానీ, మనిషి కళ్లలోకి చూసి ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే. మళ్లీ అడిగినా అదే చెబుతాను.

సంపాదకుడి మాట కూడా చెప్పాలి. నేను రాసిన ప్రతిదానిలో ఎర్రసిరా పెట్టే మనిషి, ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం దిద్దకుండా వేశాడు. చాలా యేండ్ల తరవాత, మంచాన పడ్డ ఆయనను చూడటానికి పోతే తనే ఆ సంగతి ఎత్తాడు. "ఆ పెత్రమాస భాగం నీ రాతలా లేదమ్మా. అంత గోల నీకు చేతకాదు. ఏదో దాస్తున్నావనిపించింది. దాచేవాళ్లను దిద్దకూడదు" అన్నాడు. ఏమిటని మాత్రం అడగలేదు. రైలు పెట్టిన మనిషే ఈ మాటన్నాడు. ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చాను.

నాలుగో విస్తరి

మేము జగిత్యాలకు మారిపోయాక కూడా ప్రతి పెత్రమాసకు నేను కోరుట్ల పోయేదాన్ని. ప్రతి యేడూ లచ్చవ్వ మూడు విస్తళ్లు పరిచేది, రెండు పేర్లు చెప్పేది. మూడోదానికి అయ్యగారు పేరడగడం మానేశాడు. అది చూస్తే నాకు లోపల సంతోషమయ్యేది. పేరు చెప్పలేదంటే రాజేశం ఎక్కడో ఉన్నట్టే. ఇంకొక యేడు గడిచినట్టే. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని తల దించుకునేవాళ్లం.

ఒక యేడు నేను బస్సు దిగి పోయేసరికి ఆలస్యమయింది. లచ్చవ్వ అప్పటికే కూర్చుని ఉంది. ఆమె ముందు నాలుగు విస్తళ్లు ఉన్నాయి.

నేను మళ్లీ చూశాను. నాలుగే.

"నర్సయ్య" అంది. నీళ్లు వదిలింది. "గంగవ్వ" అంది. మూడోదానికి పేరు లేదు, అయ్యగారు అడగలేదు. నాలుగోదాని ముందు ఆయన ఆగాడు.

"రాజేశం" అంది లచ్చవ్వ.

అయ్యగారి ముఖం విప్పారింది. "ఇన్నేండ్లకు నీ నోట పేరచ్చిందమ్మా! మంచిదైంది. ఇగ మనసు తేలికైతది" అన్నాడు. చుట్టూ ఆడవాళ్లు కూడా, "పోనీ తియ్, ఇప్పటికన్న కుదుటపడ్డది" అనుకున్నారు. ఒకామె లచ్చవ్వ వీపు నిమిరింది. లచ్చవ్వ తల ఊపి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పందిట్లో ఇంతమంది ఉంటే, రాజేశం ఆ యేడే పోయాడని తెలిసినవాళ్లం ఇద్దరమే.

లచ్చవ్వ వెంట ఆమె ఇంటికి పోయాను. తలుపు దగ్గరికి వేసి, కింద కూర్చుని, అలవాటుగా చాట ఒళ్లోకి తీసుకుంది. పండుగైనా లెక్క అప్పజెప్పక తప్పదు.

"ఎప్పుడు లచ్చక్కా?"

"ఎండాకాలంల. తునికాకుకు పోయినోళ్లు కబురు తెచ్చిండ్రు. యాడనో దూరమట. చూసెటందుకు శవం గుడ లేదు."

"నాకొక మాట చెప్పకపోతివి. ఒక్కదానివే ఎట్ల..."

"ఎట్ల ఏడుద్దు చెల్లె? ఒక్క కొడుకుకు రెండుసార్లు ఏడిస్తె వాడోళ్లేమంటరు?"

నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది! నా తల నిమిరి, కాసేపటికి, "నేను పోయినంక గా పేరులేని పిలగాని బియ్యం మరువకు" అంది. మరవలేదు. లచ్చవ్వ పోయిన యేటి నుంచి ఆ విస్తళ్లన్నీ నేనే ఇస్తున్నాను, ఆమెది కూడా కలిపి.

ఆ రోజు ఆ మాటన్నాక లచ్చవ్వ నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. నేను ఏం పని చేసి బతుకుతానో ఆమెకు బాగా తెలుసు, ఆ అధ్యాయం పొయ్యిలో వేసిననాడు నాకెంత కష్టమయిందో కూడా తెలుసు. అందుకే నాకేదో మేలు చేస్తున్నట్టు చెప్పింది.

"ఇగ రాస్కో చెల్లె. ఇగ దాచెటందుకేం లేదు."

ఆమె కత్తెర పట్టుకుంది గానీ ఆకు తెగలేదు. చేతులు ఆడటం లేదు. నేను ఆ కత్తెర తీసుకుని, ఆమె ఎదురుగా కూర్చుని, ఆకు కత్తిరించి, బీడీలు చుట్టి ఒక్కొక్కటే ఆమె చాటలో వేస్తూ ఉన్నాను.